మడ అడవి, మన మేడలు

తెనాలి జంక్షనులో రేపల్లె బండి యెక్కి కిటికీ ప్రక్కన కూర్చున్న ప్రయాణికునకు మొదట కనబడునవి మేడలు. నాలుగంతస్తులవి, అయిదంతస్తులవి, ముందుభాగమున గాజుపలకలు తొడిగినవి, పై అంతస్తు ఇంకను ముగియక ఇనుపకమ్మీలు ఆకాశమువైపు చాచి నిలిచినవి. చినరావూరు దాటిన పిదప మేడలు పలుచబడి పొలములు మొదలగును. వేమూరు, భట్టిప్రోలు స్టేషనుల నడుమ కనుచూపుమేర పచ్చని చేలు, కాలువగట్లు, కొబ్బరిచెట్లు. సుమారు 35 కిలోమీటర్లు నడచి బండి రేపల్లెలో ఆగును. 1916లో వేసిన ఆ యినుపదారి అక్కడితో సరి. ఆ పైన నేల మెత్తనిది, నీరు ఉప్పనిది. ఒక ప్రక్క కృష్ణానది, ఎదుట బంగాళాఖాతము, ఆ రెంటి నడుమ ఒక అడవి.

అడవి యనుమాట వినగానే మనకు నల్లమల వంటి కొండయడవి స్ఫురించును. దేశాంతరములు చూచినవారికి ఆస్ట్రేలియా తూర్పుతీరము జ్ఞప్తికి వచ్చునేమో. అక్కడ గోల్డుకోస్టు నగరమున ఇసుకతీరమును, మింటినంటు భవనములును, వెనుకనున్న కొండలపై ఉపోష్ణమండలపు వానకారడవియు ఒకే చూపులో ఇముడును. మన తీరమున వానకారడవి లేదు. మనకున్నది ఆటుపోట్ల అడవి. దానినే మడ అడవి యందురు. కొండయడవి వాననీటితో బ్రతుకును; ఇది సముద్రపు ఊపిరితో బ్రతుకును. తెనాలి మేడలకును ఈ అడవికిని దూరము రైలుబండిలో గంట, గంటన్నర ప్రయాణమే. ఐనను తెనాలిలో పుట్టి పెరిగినవారిలో దానిని కన్నులార చూచినవారు మిక్కిలి తక్కువ. నేనును నలుబది యేండ్లు దాటిన పిదపనే, అదియును శబ్దములు పట్టు యంత్రమును భుజమున తగిలించుకొని ఉద్యోగధర్మముగా పోయి చూచితిని.

చూచి వచ్చిన పిదప నాకు తోచిన సంగతి యొకటి శ్రోతలకు మనవి చేయదలచితిని. ఆ అడవియు ఒక కట్టడమే. మెత్తని నేలమీద, ఉప్పునీటిలో, తుపానుగాలి కెదురుగా నిలువవలసిన కట్టడము ఎట్లుండవలెనో అది చూపుచున్నది. అదే నేలమీద, అదే గాలికి ఎదురుగా మనమును ఇండ్లు కట్టుకొనుచున్నాము. ఆ అడవి పాటించు నియమములను మన యిండ్లు పాటించుచున్నవా అనునది నేటి ప్రశ్న.

ముందుగా నేలను గూర్చి రెండు మాటలు. తెనాలి, రేపల్లె, బాపట్ల, ఈ మూడు పట్టణములును కృష్ణ పడమటి డెల్టాలోనివి. పరిపాలన దృష్టిలో నేడు తెనాలి గుంటూరు జిల్లాలోను, రేపల్లె 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోను ఉన్నవి. కాని నీటి దృష్టిలో మూడును ఒకటే కుటుంబము. నది వేలయేండ్లు తెచ్చి పరచిన ఒండ్రుమీద ఇవి వెలసినవి. 1852లో ఆరంభించి 1855లో ముగించిన బెజవాడ ఆనకట్టయు, దాని స్థానమున 1957లో వాడుకలోనికి వచ్చిన ప్రకాశం బారేజియు ఆ నీటిని కాలువలలోనికి మళ్లించినవి. తెనాలి నడిబొడ్డున కాలువలు పారుటచేతనే, నాటకకళకు పుట్టినిల్లగుట చేతను, ఆ ఊరిని ఆంధ్రా ప్యారిస్ అని ముద్దుగా పిలిచిరి. బాపట్ల నేల కొంత వేరు. అక్కడ తీరమునకు చేరువగా ఇసుక మెరకలు, వాటిపై సరుగుడు తోటలు, జీడిమామిడి తోటలు. రేపల్లె దిగువన నేల నదికి సముద్రమునకు నడుమ ఊగిసలాడును. పోటు వేళ అది సముద్రము, ఆటు వేళ అది బురద.

ఇట్టి నేలమీద ఇల్లు కట్టుట మన పెద్దలకు క్రొత్త పని కాదు. భట్టిప్రోలులో క్రీస్తుకు పూర్వమే ఇటుకలతో మహాస్తూపము నిలిపిరి. 1892లో అలెగ్జాండర్ రీ అను పురావస్తు పరిశోధకుడు త్రవ్వినపుడు బయల్పడిన ధాతుకరండములు, వాటిమీది బ్రాహ్మీలిపి శాసనములు చరిత్రకారులకు సుపరిచితములు. అంతకు ముందే ఆ స్తూపపు ఇటుకలు బాటలు వేయుటకును, పాలరాళ్లు కాలువ కట్టడములకును తరలిపోయినవి. ఒక యుగపు కట్టడమును మరియొక యుగము రాళ్లగుట్టగా మాత్రమే చూచినది. ఈ ముచ్చటను కొంచెము జ్ఞాపకముంచుకొనవలెనని మనవి. అడవి విషయమున మనమును అదే పని చేసితిమి.

తెనాలి ప్రాంతపు పాతయిండ్లను చూడుడు. నడుమ ఆకాశమునకు తెరచిన మండువా, చుట్టును వసారా, గానుగసున్నముతో కట్టిన మందపు గోడలు, టేకు దూలములపై మిద్దె లేక పెంకు. అన్నిటికంటె ముఖ్యమైనది వీధివైపు ఎత్తైన అరుగు. అరుగు కూర్చుండి కబుర్లు చెప్పుకొనుటకే అనుకొందుము. కాని దాని మొదటి ప్రయోజనము నీటిని గడపకు క్రిందనే ఆపుట. తీరపు పల్లెలలో బెస్తలు కట్టుకొన్న చుట్టిల్లు మరియొక తెలివి. గుండ్రని గోడ, నేలకు ఇంచుమించు తాకునంత దిగువకు వంగిన తాటాకు కప్పు. గాలికి పట్టు దొరకదు. మూలలులేని యింటిని గాలి చుట్టి పోవును గాని ఎత్తి పోజాలదు. ఉప్పెననీటికి ఆ యిల్లు నిలువదనుట నిజమే. గాలికి మాత్రము అది చక్కని సమాధానము.

ఇక అడవిలోనికి పోవుదము. రేపల్లెనుండి నిజాంపట్నము వైపు పోవు దారి అది. నిజాంపట్నము నేడు చేపలరేవు. 1606లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు వర్తకమునకై దిగిన పెటపోలి అను రేవు ఇదియే. అక్కడినుండి తూర్పుగా కృష్ణాముఖములవరకు, పాయల నడుమ, లంకల మీద మడ అడవి వ్యాపించియున్నది. 2021 అటవీ సర్వేక్షణ ప్రకారము ఆంధ్రప్రదేశములోని మడ అడవులు మొత్తము 405 చదరపు కిలోమీటర్లు. అందు గోదావరి దిగువనున్న కోరింగ మొదట చెప్పదగినది, కృష్ణాముఖముల అడవి దాని తరువాతది. ఇక్కడ సుమారు 195 చదరపు కిలోమీటర్ల మేర కృష్ణా వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగా ప్రకటితమైనది. చేపలను పట్టి తిను బావురుపిల్లి దాని పేరుపొందిన నివాసి.

నేను పోయినపుడు పడవ నడపినవాడు ఒక వృద్ధుడు. పాయలో ప్రవేశించిన పిదప ఇంజను ఆపి గెడ వేసినాడు. ఆటు సమయము. నీరు తీసిపోగా బురద బయటపడినది. ఆ బురదనుండి పెన్సిలుముక్కలవలె వేలకొలది కొనలు పైకి లేచి నిలిచియున్నవి. అవి మొలకలనుకొంటిని. అవి వేళ్లట. యంత్రమును తెరచి చెవికి పెట్టుకొని వినగా బురద అంతటను చిటపటలాడుచుండెను. పీతలు, చిన్నచిన్న నత్తలు, బుడగలు. నిశ్శబ్దమనుకొన్న చోట అంత సందడి నేను పూర్వము పట్టియుండలేదు.

ఆ కొనలు తెల్లమడ, నల్లమడ చెట్లవి. బురదలో గాలి ఉండదు. వేరునకు ఊపిరి కావలెను. అందుచేత ఆ చెట్టు వేరును క్రిందికి కాక పైకి పంపి, ఆటు వేళ గాలి పీల్చుకొనును. ఉప్పుపొన్న ఇంకొక ఉపాయము పన్నినది. దాని మొదలునుండి పందిరిగుంజలవలె వంపుగా దిగిన ఊతవేళ్లు నలువైపుల నేలను పట్టుకొనును. చెట్టు నీటిపై ఎత్తున నిలిచియుండగా ఆ గుంజల నడుమ నీరు స్వేచ్ఛగా వచ్చిపోవును. అల ఆ సందులలో దూరి, చీలి, బలము కోల్పోవును. దానితో వచ్చిన ఒండ్రు అక్కడనే దిగును. ఆ విధముగా అడవి తన పునాదిని తానే పెంచుకొనును. ఉప్పు విషయమునను అంతే. ఉప్పుపొన్న వేరువద్దనే చాలవరకు ఉప్పును వడపోయును. మడచెట్టు లోనికి వచ్చిన ఉప్పును ఆకుమీద సన్నని గ్రంథులద్వారా విసర్జించును. పడవవాడు ఒక యాకు త్రుంచి నాకిచ్చి నాలుకకు తాకించుమన్నాడు. ఉప్పగా ఉన్నది. "తిల్లచెట్టు జోలికి మాత్రం పోవద్దు బాబుగారూ, పాలు కంట్లో పడితే చూపు పోద్ది" అని హెచ్చరించినాడు. తిల్లపాలు కంటికి హానికరమని వృక్షశాస్త్రజ్ఞులును చెప్పుదురు.

కావున ఆ కట్టడపు నియమములు మూడు. మొదటిది, నేలకు ఎత్తున నిలిచి నాలుగు దిక్కుల ఊతము పట్టుట. రెండవది, నీటికి అడ్డుపడక దారి యిచ్చుట. మూడవది, ఉప్పును లోనికి రానీయకుండుట. ఏ ఇంజనీరింగు కళాశాలలో అడిగినను సముద్రతీరమున కట్టడమునకు ఇంతకంటె వేరు సూత్రములు చెప్పరు.

ఈ మూడింటి విలువ ఎంతయో 1977 నవంబరు 19 తేదీన తెలిసినది. ఆనాటి తుపాను దివిసీమను ముంచెత్తిన కథ తెలుగునాట తెలియనివారు లేరు. అయిదు మీటర్ల యెత్తున లేచిన ఉప్పెన పది కిలోమీటర్లకు మించి లోనికి వచ్చినది. మృతులు సుమారు 10,000 మంది. నదికి ఆవలనున్న దివిసీమతోపాటు ఈవలనున్న రేపల్లె, నిజాంపట్నము, బాపట్ల తీరములును నాడు దెబ్బతినినవి. తుపాను వచ్చుచున్నదను హెచ్చరిక నాడు లేకపోలేదు. ఉప్పెన ఎంత యెత్తున ఎందాక వచ్చునో చెప్పగల సాధనములును, వచ్చినపుడు ఎక్కి నిలువదగిన కట్టడములును తీరమున లేకపోయినవి.

పడవవానికి నాడు ఇరువది యేండ్ల ప్రాయము. ఆ రాత్రిని గూర్చి అడిగితిని. అతడు కొంతసేపు మాటలాడలేదు. పిదప గెడను బురదలో గ్రుచ్చి ఇట్లనినాడు: "మడ ఉన్న కాడ నీళ్లొచ్చినయ్ బాబుగారూ. మడ లేని కాడ సముద్రం వచ్చింది." నా యంత్రములో ఆ మాటయు, దాని వెనుక నీటిచప్పుడును పట్టియున్నవి.

ఇది అనుభవమున చెప్పిన మాట. శాస్త్రజ్ఞులు లెక్కవేసి చెప్పినదియు ఇట్లే ఉన్నది. 1999 అక్టోబరు 29 తేదీన ఒడిశాను తాకిన మహాతుపాను పిదప కేంద్రపాడ జిల్లాలోని వందల గ్రామములను పరిశీలించిరి. సముద్రమునకును ఊరికిని నడుమ మడ అడవి వెడల్పుగా ఉన్న గ్రామములలో మృతులు తక్కువ. అడవి నరికివేసిన చోట ఎక్కువ. అదే పరిశీలన ఇంకొక మాటయు చెప్పినది. ముందుగా అందిన హెచ్చరిక అడవికంటెను ఎక్కువ ప్రాణములను కాపాడినది. అనగా అడవి ఉన్నదిగదా యని ఊరిలో కూర్చుండరాదు. హెచ్చరిక వినబడునుగదా యని అడవిని నరుకరాదు. రెండును కావలెను. మూడవది యెక్కి నిలువదగిన కట్టడము.

దివిసీమ విషాదము పిదప మన తీరమున తుపాను రక్షణ కేంద్రములు వెలసినవి. కాలినడకను పోగలిగిన దూరమున, ఎత్తైన స్తంభములపై, క్రింది అంతస్తు గోడలు లేక తెరచియుండునట్లు వాటిని కట్టిరి. కొన్నిటిని గుండ్రముగను, ఎనిమిది పలకలుగను కట్టిరి. ఒకమారు వాటిని తేరిపార చూడుడు. క్రింద ఊతవేళ్లవలె స్తంభములు, వాటి నడుమ నీటికి దారి, పైన చుట్టిల్లువలె గాలికి పట్టు దొరకని గోడ. బెస్తవాని గుడిసెయు, ఉప్పుపొన్న చెట్టును కలిసి సిమెంటులో మరల పుట్టినట్లుండును. 2011 తరువాత జాతీయ పథకము క్రింద కట్టిన బహుళప్రయోజన కేంద్రములును ఈ తీరువే. వానికాలము లేనపుడు వాటిలో బడి నడుచును, సభలు జరుగును. 1990 మే 9 తేదీన కృష్ణాముఖము చేరువనే మరియొక తీవ్రమైన తుపాను తీరము దాటినది. గాలి తక్కువది కాదు. మృతులు వేయిమందికి లోపు. 2023 డిసెంబరు 5 తేదీన మిచౌంగ్ తుపాను బాపట్లకు చేరువనే తీరము దాటినపుడు పంటలు పోయినవి, చెట్లు కూలినవి, కాని 1977 నాటి ఘోరము పునరావృతము కాలేదు. తుపానుల బలము వేర్వేరు కావచ్చును. ఐనను హెచ్చరిక, తరలింపు, ఆశ్రయము అను మూడు పనులు మనుష్యులను కాపాడినవనుటలో సందేహము లేదు.

పాఠము నేర్చిన కట్టడములను చూచితిమి. మరచిన కట్టడములను చూచుటకు మరల తెనాలి రావలెను.

నేటి అపార్టుమెంటును చూడుడు. అదియును స్తంభములపైననే నిలిచియుండును. క్రింద కార్లు నిలుపుకొందురు. పైకి చూచుటకు ఉప్పుపొన్న చెట్టువలెనే ఉండును. కాని ఆ స్తంభములకు ఏటవాలు ఊతము లేదు, నడుమ గోడలు లేవు. పైన అయిదంతస్తుల ఇటుకగోడల బరువు, క్రింద సన్నని కాళ్లు. 2001 జనవరి 26 తేదీన గుజరాతు భూకంపమున అహమ్మదాబాదు నగరమునందు కూలిన మేడలలో ఈ తరహావి పెక్కు. కాళ్లు ఎత్తుగా ఉండుట ఒకటి, ఊతముతో ఉండుట వేరొకటి. స్తంభముల వరుసలో కొన్ని గోడలైనను ఇనుపకమ్మీలతో కాంక్రీటువి కట్టుట దీనికి మందు. ఇంజనీరు చెప్పును. కారు త్రిప్పుటకు అడ్డమని యజమాని వలదనును.

రెండవ నియమము, నీటికి దారి. ఇది చెప్పుటకు మా యింటి ముచ్చటయే చాలును. మా తాతగారి కాలమున మా యింటి అరుగునకు అయిదు మెట్లుండెడివట. నా చిన్ననాట మూడు మెట్లు లెక్కించుకొనుచు దుమికితిని. నేడు ఒక్కటి. అరుగు క్రుంగలేదు. వీధి పెరిగినది. పాతరోడ్డును త్రవ్వక దానిమీదనే క్రొత్తరోడ్డు పరచుచు పోగా ప్రతి పదియేండ్లకు ఒక మెట్టు మాయమైనది. రెండేండ్ల క్రిందట ఒక కార్తికమాసపు వానకు నీరు గడప దాటి లోనికి వచ్చినది. మా అమ్మగారు బియ్యపుడబ్బాను మంచముమీదికి ఎత్తుచు, "తాతగారు ఉంటే ఏమనేవారో" అన్నారు. నేనేమియు పలుకలేకపోయితిని. వీధిలో క్రొత్తగా కట్టినవారు తమ యింటిని రోడ్డుకంటె ఎత్తుగా కట్టుదురు. ఆ నీరు ప్రక్కయింటికి పోవును. ప్రక్కవారు ఇంకొంచెము ఎత్తుగా కట్టుదురు. ఈ పందెములో చివరకు మునుగునది పాతయిల్లు, పేదయిల్లు.

ఊరిలో జరుగుచున్నదే డెల్టా అంతట జరుగుచున్నది. మన కాలువలు నీటిని తెచ్చును. తెచ్చిన నీటిని, కురిసిన వానను తిరిగి సముద్రమునకు చేర్చునవి మురుగుకాలువలు. బాపట్ల ప్రక్కనుండి సముద్రమునకు పోవు నల్లమడ మురుగుకాలువ వాటిలో పెద్దది. ఆ పేరు వినగానే అడవిలోని నల్లమడచెట్టు స్ఫురించును. కృష్ణా గోదావరి డెల్టాల మురుగునీటి సమస్యను పరిశీలించుటకు 1960 దశకముననే మిత్రా సంఘమును నియమించిరి. సమస్య అంత పాతది. మురుగుకాలువలో పూడిక తీయకున్నను, దాని గట్టును ఆక్రమించి కట్టినను, ఎగువనున్న చేను మునుగును, వీధియు మునుగును. దానికి తోడు నదినుండి వచ్చు వరద. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను ప్రకాశం బారేజివద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు దిగువకు వచ్చినది. లంకగ్రామములు మునిగి, కరకట్టలమీద రాత్రులు కాపలా కాచిన రోజులవి.

మూడవ నియమము, ఉప్పు. ఇది కంటికి కనబడని శత్రువు. కాంక్రీటులోని ఇనుపకమ్మీకి సిమెంటు ఒక కవచము. సముద్రపుగాలిలోని ఉప్పుగాని, ఉప్పునీటితో కలిపిన కాంక్రీటులోని ఉప్పుగాని కమ్మీని చేరినచో ఆ కవచము భగ్నమగును. ఇనుము త్రుప్పుపట్టును. త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక లోపలినుండి కాంక్రీటును పగులదీయును. మొదట శ్లాబు అడుగున గోధుమరంగు చార, పిదప సన్నని బీట, ఆ పిదప పెచ్చులు. తీరప్రాంతమున పదునైదేండ్లకే ముసలిదైన మేడను చూచినచో కారణము తరచుగా ఇదియే. భారతీయ ప్రమాణము ప్రకారము తీరవాతావరణమున కమ్మీమీద కాంక్రీటు మందము కనీసము 45 మిల్లీమీటర్లుండవలెను. సముద్రపుతుంపర తగులుచోట 50. మేస్త్రీలు దీనినే కవరు అందురు. తెనాలిలో చెల్లు కవరుతో సూర్యలంక దారిలో ఇల్లు కట్టినచో అది ఆదా కాదు. కాంక్రీటు కలుపుటకు, తడుపుటకు మంచినీరు వాడుట, ఇసుకలో ఉప్పు లేకుండ చూచుకొనుట గృహస్థు స్వయముగా చేయదగిన జాగ్రత్తలు. ఉప్పుపొన్న వేరు చేయు వడపోతయే ఇది.

బాపట్లకు 9 కిలోమీటర్ల దూరమున సూర్యలంక. సెలవు దినములలో ఊరూర వచ్చు జనముతో ఆ తీరము కళకళలాడును. అక్కడ మడ అడవికి బదులు ఇసుకదిబ్బలే గోడ. అల వచ్చి దిబ్బను కొంత తినును, శాంతించిన పిదప గాలి ఆ ఇసుకను మరల తెచ్చిపెట్టును. దిబ్బ కదలాడు గోడ. మనము దానిని చదును చేసి భవనము కట్టినచో కదలలేని గోడయగును. సరుగుడు తోపులు గాలిని అడ్డుకొనును గాని దిబ్బను మింగునంత చేరువగా నాటరాదు. శీతకాలపు చివర ఇసుకలో గ్రుడ్లు పెట్టుటకు వచ్చు సముద్రపు తాబేళ్లకు చీకటియు, తెరపి ఇసుకయు కావలెను. 1991లో వెలువడిన తీరప్రాంత నియమావళి పోటుగీటనుండి 500 మీటర్లవరకు కట్టడములకు హద్దులు విధించినది. పిమ్మట అది పలుమార్లు సవరింపబడినది. మడ అడవికి మాత్రము అన్నిటికంటె గట్టి రక్షణ ఇచ్చినది. చట్టము కాగితమున ఉన్నది. తీరమున ఉండుట మన చేతిలోనిది.

ఇక్కడ భట్టిప్రోలు స్తూపము జ్ఞప్తికి తెచ్చుకొందము. 1990 దశకమున రొయ్యలచెరువుల జ్వరము తీరమంతట పట్టినపుడు మడ అడవి మనకు వట్టి పొదగా కనబడినది. ఎంతో మేర చెరువులుగా మారినది. 1996 డిసెంబరు 11 తేదీన సుప్రీముకోర్టు తీరప్రాంతపు రొయ్యలచెరువులపై తీర్పు చెప్పువరకు అడిగినవారు తక్కువ. వేరొక దెబ్బ కంటికి కనబడనిది. ఎగువన నాగార్జునసాగరము, శ్రీశైలము వంటి జలాశయములు నీటితోపాటు ఒండ్రును కూడ పట్టి యుంచినవి. 1960 దశకపు చివర యేడాదికి 90 లక్షల టన్నులుగా ఉన్న కృష్ణమ్మ ఒండ్రు, 2000 తరువాత 4 లక్షల టన్నులకు పడిపోయినదని పరిశోధకులు లెక్కించిరి. 1965 మొదలు 2008 వరకు 43 యేండ్లలో కృష్ణా గోదావరి డెల్టాల తీరము 76 చదరపు కిలోమీటర్ల నేలను సముద్రమునకు కోల్పోయినదని వారే తేల్చిరి. ఆ జలాశయములు మనకు అన్నము పెట్టినవి. వాటిని నిందించుట తగదు. కాని నేలను పెంచు నది నేడు పెంచుట లేదు. ఉన్న నేలను పట్టి యుంచునది అడవి యొక్కటియే.

పోయిన అడవిని మరల తేవచ్చునా? కొంతవరకు తేవచ్చును. 1990 దశకపు చివరిభాగమున ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు అటవీశాఖతోను, గ్రామస్థులతోను కలిసి ఈ డెల్టాలలో ఒక పద్ధతిని అమలుచేసిరి. అడవి చచ్చిన చోట నీరు నిలిచి, ఎండకు ఇగిరి, ఉప్పు పేరుకొనును. ఆ చోట చేపముల్లు ఆకారమున ఒక పెద్దకాలువ, దానికి ఇరుప్రక్కల ఏటవాలుగా పిల్లకాలువలు త్రవ్విరి. పోటునీరు లోనికి వచ్చి, ఆటుతో తిరిగి పోవుచు, ఉప్పును కడిగివేసినది. ఆ గట్లపై మడమొక్కలు నాటగా బ్రతికినవి. చూడుడు, ఇక్కడను మందు ఒకటే. నీటికి దారి ఇచ్చిరి, తక్కినది అడవి తానే చేసికొనినది.

మన పట్టణములకును చేపముల్లు కాలువలు ఉన్నవి. మన పెద్దలు త్రవ్వినవే. వాటిని పూడ్చకుండుట, రోడ్డు వేయునపుడు పాతపొరను తీసి వేయుమని వార్డులో అడుగుట, ఇల్లు కట్టునపుడు ప్రక్కయింటి నీరు ఎటు పోవునో ఆలోచించుట, మేస్త్రీని కవరు ఎంతయని ప్రశ్నించుట, ఇవి ఏ గృహస్థుడైనను చేయగల పనులు. మడ అడవిని చూడని వారు ఒకమారు పిల్లలను వెంటబెట్టుకొని పోయి చూచుట ఇంకొక పని. తాను చూచినదానిని మనుష్యుడు అంత సులభముగా నరుకనీయడు.

కార్తిక మార్గశిర మాసములు వచ్చినపుడు మా కేంద్రమునుండి తుపాను హెచ్చరికలు చదువుట మాకు అలవాటైన పని. ఫలానా రేవులో ఫలానా నెంబరు ప్రమాదసూచిక యెగురవేసిరని చదువునపుడు నా యెదుట కాగితమే ఉండెడిది. ఇప్పుడు బురదనుండి లేచిన ఆ వేళ్లకొనలును, మా యింటి అరుగునకు మిగిలిన ఒక్క మెట్టును కనబడుచున్నవి. రేడియో చెప్పగలిగినది నీరు వచ్చుచున్నదని మాత్రమే. వచ్చిన నీటికి మనము ఏ దారి ఉంచితిమో చెప్పవలసినది మన యిండ్లు.